ఒకటో నంబరు

సైదాబాద్,
జూలై 6

దుర్గయ్యా,

నవ్వకు. సైదాబాద్ నుంచి కార్వాన్‌కు ఉత్తరం రాసే మనిషి ఈ ఊరు మొత్తంలో నేనొక్కణ్నే అయ్యుంటాను. ఏం చేయమంటావు మరి? ఫోను చేస్తే నీకు వినపడదు. మెసేజ్ పెడదామంటే నీ డబ్బా ఫోనులో తెలుగు అక్షరాలు రావు. ముప్పై ఏళ్లు డ్రిల్లింగ్ మెషీను పక్కన నిలబడి నువ్వు చెవులు పోగొట్టుకున్నావు. అదే మెషీను లేపిన రాతిదుమ్ము పీల్చి నేను ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాను. సర్వేలో చేసిన ఒక జియాలజిస్టుకూ ఒక డ్రిల్లర్‌కూ చివరికి మిగిలింది ఇదీ. నీ కోడలు సుందరమ్మ సంతోష్‌నగర్ డ్యూటీకి పోతూ వస్తూ మన ఉత్తరాలు మోస్తానంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

డాక్టరు నిన్న ఖరాఖండిగా చెప్పేశాడు. నేను తబేలాలో అడుగు పెట్టకూడదట. గడ్డి దుమ్ము, గుర్రం వెంట్రుక, లద్దె, ఏదీ పనికిరాదట. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టించారు. దాని గొట్టం మంచం నుంచి కిటికీ దాకా వస్తుంది, మెట్ల దాకా రాదు. మా చెల్లెలు ప్రీతి హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది గానీ ఆ బుద్ధి రిటైరు కాలేదు. గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూచుంది.

అసలు సంగతి చెబుతాను. పశువుల డాక్టర్ల ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మూసీ అవతల ఎవరి తబేలాలోనో ఒక గుర్రం గ్లాండర్స్‌తో చచ్చిపోయిందట. అందుకని చుట్టుపక్కల గుర్రాలన్నింటికీ రక్తం తీసి పరీక్ష చేస్తారు. ఆ జబ్బుకు మందు లేదు దుర్గయ్యా. ఉన్నట్టు తేలితే ఆ గుర్రాన్ని సూది వేసి చంపాల్సిందేనని చట్టం. పక్కనున్న గుర్రాలకు అంటుకుంటుంది, మనుషులకూ అంటుకుంటుంది.

మన మూడు గుర్రాలూ మామూలుగా ఎక్కడ నిలబడతాయో అక్కడే కట్టు. పలుగు ఒక చివర, అభ్రకం నడుమ, సుద్ద ఇంకో చివర. చివర నుంచి వరసగా ఒకటి, రెండు, మూడు అని గుంజల మీద సున్నంతో రాసిపెట్టు. పలుగు, సుద్ద రెండూ తెల్ల ఆడగుర్రాలే. తల్లి ఏదో పిల్ల ఏదో వచ్చే డాక్టరమ్మకు ఏం తెలుస్తుంది? తారుమారైతే కష్టం.

పలుగు ముందుకాలు వాపు తగ్గిందా? సుద్ద దాణా సరిగా తింటోందా? అన్నీ రాయి.

కృపాకర్

*

కార్వాన్,
జూలై 15

గౌరవనీయులైన కృపాకర్ సారుకు దుర్గయ్య నమస్కారాలు.

సారూ, మీరు లేక తబేలా బోసిగున్నది. రోజు పొద్దుగాల గేటు సప్పుడైతే మూడు తలకాయలు ఒక్కసారే అటు తిరుగుతయ్. సప్పుడు నాకు వినవడదు గని వాటి చెవులు చూస్తే ఎరుకైతది. నేనే వచ్చిన అని తెలిసినంక మల్ల గడ్డిల మూతి వెడ్తయ్. గంతే నా ఇజ్జత్.

పోయిన సోమవారం డాక్టరమ్మ వచ్చింది. రచన అంట పేరు. చిన్న పిల్ల, గని చెయ్యి గట్టిది. మీరు చెప్పినట్టే గుంజలకు నంబర్లు రాసిన. ఆ నంబర్లు చూసి కాంపౌండరు సీసాల మీద రాసుకున్నడు. పలుగు మస్తు నిమ్మలంగ నిలవడ్డది, సూది గుచ్చితె ఇటు కూడ చూడలే. అభ్రకం జర లొల్లి చేసిండు. సుద్దనైతే ఏం చెప్పాలె సారూ, బకెట్ తన్ని కాంపౌండరు పాయింటంతా తడిపింది. నాకు నవ్వాగలే. డాక్టరమ్మ కోపం చేసింది.

రిపోర్టు వచ్చెదాక బరాత్‌లకు పంపొద్దన్నది. మంచిదే అనుకున్న. శ్రావణంల రెండు పెండ్లిండ్లకు మాటిచ్చిన, వద్దని చెప్పొచ్చిన. ఇప్పటి పెండ్లిళ్లల్ల ఆ డీజే డబ్బాలు మోగుతుంటె నా అసొంటి చెవిటోనికే ఛాతి అదురుతది. గుర్రాలకు ఎట్లుంటదో దేవునికెరుక. మనం కూడ ముసలోళ్లమైనం, ఎన్నాళ్లు తిప్పుతం?

పలుగు కాలు మంచిగైంది. సుద్దకు రెండు దినాల సంది ముక్కుల నీళ్లొస్తున్నయ్. వానకు తడిసినట్టున్నది. బెల్లం, మిరియాలు పెడుతున్న. పుట్టినప్పటి సంది అది అట్లనే, నాజూకు. పలుగుకు పాలు రాకపోతె రాజమణి రెండు నెలలు సీసాతోని తాపి పెంచింది గద. ఆమె కాలం చేసిన ఏడాదే అది. సుద్దను చూస్తే మా ఇంటామెనే యాదికొస్తది.

మీరు ఫికర్ చెయ్యకుండ్రి.

దుర్గయ్య

*

సైదాబాద్,
ఆగస్టు 2

దుర్గయ్యా,

రిపోర్టు నా ఫోనుకు వచ్చింది. ఒకటో నంబరుకు ఉందట. రెండు, మూడు బాగున్నాయి.

ఒకటో నంబరు అంటే మన పలుగు.

ఏడో తారీఖు బుధవారం వాళ్లు వస్తారు. ఈసారి వేరే డాక్టరట. తల్లి గుర్రమని ఫోనులో చెప్పాను. సూది వేసేటప్పుడు దాని పగ్గం నువ్వే పట్టుకో, కొత్తవాళ్ల చేతికి ఇవ్వకు. చేతులకు తొడుగులు వేసుకో, మూతికి గుడ్డ కట్టుకో. మొండితనం చేయకు.

పధ్నాలుగేళ్లు. నేను రిటైరైన ఏడాది దాన్ని కొన్నాను, నీకు గుర్తుండే ఉంటుంది. మెడ మీద చెడ్డ సుడి ఉంది, పెళ్లికొడుకును ఎక్కిస్తే అరిష్టం అని ఆ వ్యాపారి తనే చెప్పి తలవంచుకున్నాడు. నేను నవ్వాను. బతుకంతా రాళ్ల మీద గీతలు చదివిన వాణ్ని, ఏ రాయీ నాకు జాతకం చెప్పలేదు. జూలు అటువైపు దువ్వి సుడి కప్పేశావు నువ్వు. ఎన్ని వందల మంది పెళ్లికొడుకులను మోసిందో. అందులో కొందరు పెళ్లాలతో కొట్లాడుకుని ఉంటారు గానీ అది గుర్రం తప్పు కాదు.

మా వాళ్లంతా అనేవారు, కొండల్లో రాళ్ల మధ్య ఉద్యోగం అయిపోయాక ఈ గుర్రాల పిచ్చి ఏమిటని. జీపు ఎక్కని అడవిలో మనకు దారి చూపించింది గుర్రాలే. ఆ క్యాంపుల్లో నేను మనిషితో మాట్లాడిన దానికంటే గుర్రంతో మాట్లాడిందే ఎక్కువ. ఇది ఎవరికి చెప్పి ఒప్పించను?

ఇంక రాయలేను. దగ్గు వస్తోంది.

కృపాకర్

*

కార్వాన్,
ఆగస్టు 9

కృపాకర్ సారుకు,

పని అయింది.

సూది వేసినంక ముందు కాళ్లు మడిచి నిమ్మలంగ పండింది. తిప్పలు వడలే. జేసీబీ తెచ్చి గుంత తీసినరు, సున్నం పోసినరు. దాని పగ్గం, దుప్పటి, దువ్వెన అన్ని కాలబెట్టమన్నరు. కాలబెట్టిన.

మిగిలిన రెండు బాగున్నయ్.

దుర్గయ్య

*

సైదాబాద్,
సెప్టెంబర్ 14

దుర్గయ్యా,

నీ ఆగస్టు ఉత్తరం తర్వాత ఇది నేను రాస్తున్న మూడోది. ముందు రెండింటికీ జవాబు లేదు. సుందరమ్మను అడిగితే డ్యూటీకి టైమైందని వెళ్లిపోతుంది. నిన్న గట్టిగా అడిగాను. మామ తనను తబేలా లోపలికి రానివ్వడం లేదని, బువ్వ గిన్నె గేటు బయటే పెట్టి పొమ్మంటున్నాడని, నెల రోజులుగా ఇంటికి రాలేదని చెప్పింది. మనవణ్ని కూడా దగ్గరికి తీసుకోవడం లేదట. ఏమిటిది?

పలుగు కోసం బాధపడుతున్నావని నాకు తెలుసు. నేనూ పడుతున్నాను. పాస్టరు గారు ఇంటికొచ్చి నా ఊపిరితిత్తుల కోసం ప్రార్థన చేశారు. గుర్రం కోసం కూడా ఒక మాట చెప్పండి అన్నాను. ఆయన ఇబ్బంది పడ్డాడు. ప్రీతి నన్ను కళ్లతోనే కూచోబెట్టింది.

పొద్దంతా కిటికీ దగ్గర కూచుంటాను. పాత ఫీల్డు పుస్తకాలు ముందేసుకుని తిరగేస్తుంటాను. నలభై పుస్తకాలు ఉన్నాయి. ఫలానా వాగు, ఫలానా గుట్ట, ఫలానా రాయి. ఇరవై ఏడేళ్లప్పుడు రాసిన అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నాయో. ఆ నివేదికల్లో సగం ఎవరూ తెరిచి కూడా చూసి ఉండరు. నేను చెప్పిన చోట గని తవ్వలేదు, వద్దన్న చోట తవ్వారు. దీనికోసమా ఇంత దుమ్ము మింగాను అనిపిస్తుంది. అలసిపోయాను దుర్గయ్యా. కూచున్నా అలుపే, పడుకున్నా అలుపే.

సుద్ద ముక్కు కారడం తగ్గిందా?

ఒక్క ముక్క రాయి చాలు.

కృపాకర్

*

కార్వాన్,
అక్టోబర్ 3

సారూ,

పది దినాల సంది ఈ కాయితం ముందల వెట్టుకున్న. రాస్త, చింపుత. ఇయ్యాల రాసి పంపకుంటె నేను మనిషినే కాదు.

సుద్ద ముక్కు తగ్గలే. ఇప్పుడు నీళ్లు గాదు, చీము వస్తున్నది. వెనుక కాళ్ల మీద గడ్డలు లేచినయ్. జబ్బు పలుగుకు లేకుండె సారూ. జబ్బు సుద్దకే.

నేను చదివింది నాలుగో తరగతి దాక ఉర్దూ బడి. అలిఫ్, బే అని కుడి దిక్కు నుంచి రాసుడు నేర్చిన చెయ్యి ఇది. తెలుగు పెండ్లైనంక రాజమణి నేర్పింది. గని ఏదన్న వరస పెట్టాలంటె నా చెయ్యి కుడి దిక్కుకే పోతది. మీరు చివర నుంచి నంబర్లు రాయమన్నరు. నేను కుడి చివర నుంచి రాసిన. సుద్ద ఒకటి, అభ్రకం రెండు, పలుగు మూడు.

మీకు యాదికుందా? నేను సర్వేల చేరిన మొదటి నెల. బోరు వేస్తే పైకొచ్చిన రాతి కడ్డీలను పెట్టెల వరసగ పేర్చాలె, పైన ఏ రాయి కింద ఏ రాయి తెలిసేటట్టు. ఎడమ నుంచి పేర్చాలని నాకెవరు చెప్పలే. నేను కుడి నుంచి పేర్చిన. మీరు ఎడమ నుంచి చదివి భూమినే తలకిందులు రాసినరు. పెద్ద సారు నన్ను నౌకరిల నుంచి తీసేస్తనంటే, తప్పు నాదే అని మీరు సంతకం పెట్టినరు. ఆ సంతకం తోనే నా ఇల్లు నడిచింది, నా పిల్లలు పెద్దగైనరు.

ఇప్పుడు మల్ల అదే తప్పు. గని సారూ, ఈసారి తప్పు అంతవరకే ఆగలే.

ఒకటో నంబరు అంటె పలుగు అని మీ ఉత్తరం వచ్చింది. చదివి తలకాయ ఎత్తిన. ఒకటో నంబరు గుంజ కాడ సుద్ద నిలవడి ఉన్నది. నన్నే చూస్తున్నది. నాకు అప్పుడే సమజైంది. ఉరికొచ్చి మీకు చెప్పాలె. చెప్పలే. తడి బట్ట తీసుకుని గుంజల మీద సున్నం తుడిచిన. తుడిచి, మీరు అనుకున్నట్టు ఎడమ నుంచి మల్ల రాసిన. బుధవారం నాడు వచ్చిన డాక్టరు ఒకటో నంబరు ఏదన్నడు. నేను పలుగును చూపెట్టిన. ఈ చేతితోనే.

పలుగు నాతోని నడిచొచ్చింది సారూ. బరాత్‌కు పోతున్నం అనుకున్నదో ఏమో. నేను పగ్గం పట్టుకున్న.

ఎందుకు చేసినవంటె ఏం చెప్పాలె? రాజమణి చేతుల పెరిగింది సుద్ద. అది కూడ పోతె ఆమె రెండోసారి పోయినట్టైతది అనిపించింది. గంతే. వేరే కారణం లేదు. బుద్ధి లేని ముసలోణ్ని.

రెండు నెలల సంది ఎవ్వరిని లోపలికి రానిస్తలేను. నేనే తుడుస్తున్న, నేనే కడుగుతున్న. నాకు అంటితె అంటనియ్. మనవడు గేటు కాడ నిలవడి చేతులు ఊపుతడు. వాని నోరు ఆడుతుంటె తాతా అంటున్నడని తెలుస్తది. నేను పోను.

మీరు ఏం చెయ్యమంటె అది చేస్త. పోలీసులకు చెప్పినా సరే.

దుర్గయ్య

*

సైదాబాద్,
అక్టోబర్ 5

తమ్ముడూ దుర్గయ్యా,

నీ ఉత్తరం చదివి నేను ఆశ్చర్యపోలేదు. నీకు చెప్పాల్సింది అదే. నేను ఆశ్చర్యపోలేదు.

ఆగస్టులో ఆ రిపోర్టు పట్టుకుని నీకు ఉత్తరం రాస్తున్నాను. ‘ఒకటో నంబరు అంటే’ అన్న చోట కలం ఆగింది. దుర్గయ్య కుడి నుంచి వేసి ఉంటాడేమో అనిపించింది. ఆ రాళ్ల పెట్టెలు నేను మరిచిపోయానని ఎలా అనుకున్నావురా? సుద్ద ముక్కు కారుతోందని నువ్వు రాసిన ఉత్తరం నా మోచేతి కిందే ఉంది. సుందరమ్మ గేటు దగ్గర నా ఉత్తరం కోసం నిలబడి ఉంది. నంబర్లు ఎటు నుంచి వేశావు అని ఒక్క ముక్క రాసి పంపితే మర్నాటికి జవాబు వచ్చేది.

నేను అడగలేదు. అడిగితే నువ్వు నిజం చెబుతావని భయపడ్డాను. పలుగు ముసలిది, ఎలాగూ రెండు మూడేళ్లు, సుద్దకు ఇంకా పదిహేనేళ్లుంది అని లెక్క వేసుకున్నాను. నాకు పెళ్లి లేదు, పిల్లలు లేరు. నా కళ్ల ముందు పుట్టి, తూలుతూ లేచి నిలబడింది ఆ ఒక్కటే. పలుగు అని రాసేశాను. రాసి, కింద దాని గురించి అంత ప్రేమ ఒలకబోశాను.

నలభై ఏళ్లు నేను చూసిందే రాశాను. రాయి ఎర్రగా ఉంటే ఎర్రగా, నల్లగా ఉంటే నల్లగా. పై ఆఫీసర్లు మార్చమన్నా మార్చలేదు. ఆ ఒక్క రోజు నాకు కావలసింది రాశాను. నువ్వు తుడిచింది సున్నమే. దాన్ని తుడవమని చెప్పింది నేను. రెండు నెలలు నువ్వు ఆ చీము తుడుస్తూ ఒంటరిగా కూచున్నావే, నేనిక్కడ కిటికీ దగ్గర కూచుని సుద్ద ముక్కు తగ్గిందా అని తెలియనట్టు అడిగాను. నాకు సిగ్గుగా ఉంది.

ఇవాళ పొద్దున్నే డాక్టర్ రచనకు ఫోను చేశాను. అంతా చెప్పాను. నీ గురించి, నా గురించి, నంబర్ల గురించి. అంతా విని ఆమె ఒకటే అడిగింది, “ఆ ముసలాయన రోజూ దాని ముక్కు ఉత్త చేతులతోనే తుడుస్తున్నడా సార్?” తర్వాత తిట్టింది. తిట్టాల్సిందే.

ఎల్లుండి వాళ్లు వస్తారు. సుద్దకు సూది వేస్తారు. అభ్రకానికి మళ్లీ రక్తం తీస్తారు, నీకూ తీస్తారు. కాదనకు. సుద్ద పగ్గం నువ్వు పట్టుకోకు, ఈసారి వద్దు. వాళ్లనే పట్టుకోనీ.

నేను వస్తానంటే ప్రీతి తలుపుకు తాళం వేసింది.

నీ
కృపాకర్

*

కార్వాన్,
అక్టోబర్ 29

కృపాకర్ అన్నకు,

ఇన్నేండ్ల సంది అన్నా అని పిలవమన్నా సారు అనే అన్న. మీ ఉత్తరం చదివినంక సారు అని రాయనీకె చెయ్యి రాలే. మీరు కూడ నా అసొంటోళ్లే అని తెలిసినంక కోపమొచ్చింది. మస్తు వచ్చింది. పలుగును మీరు కూడ తెలిసే పంపిన్రు. నేనొక్కణ్నే పాపం మోస్తున్ననని రెండు నెలలు నిద్ర లేకుంట ఉంటి. రెండు దినాలు మిమ్ముల తిట్టుకున్న. తిట్టి తిట్టి అలిసిపోయిన. ఇప్పుడు కోపం లేదు, దేనికి ఓపిక లేదు.

సుద్ద పగ్గం నేనే పట్టుకున్న. మీరు వద్దన్నరు గని, దాన్ని కొత్తోళ్లకు ఇయ్యలేకపోయిన. చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ, కండ్లకు అద్దాలు వేసినరు నాకు. దానికి నేను ఎవరో సమజు కాలే. దూరం దూరం జరిగింది. ఒక్కసారి గుడ్డ తీసి మొహం చూపెడ్తనమ్మా అంటే డాక్టరమ్మ వద్దన్నది. నా భుజం మీద చెయ్యి వేసి వద్దన్నది, కోపంతోని కాదు. చివరికి వాసన పట్టిందో ఏమో, దగ్గరికొచ్చి నా కడుపుల తలకాయ పెట్టింది. అప్పుడు వేసిన్రు సూది.

పలుగు పక్కకే పండబెట్టినం. నేనే అడిగిన. ఒప్పుకున్నరు.

నిన్న రిపోర్టులు వచ్చినయ్. అభ్రకానికి కూడ ఉన్నదట అన్నా. జూలైల లేదు. ఈ రెండు నెలలల్ల సుద్ద నుంచి అంటింది. అప్పుడే నిజం చెప్పి ఉంటె ఒక్క సుద్దతోని పోయేది. ఒక్కదాన్ని కాపాడబోయి మూడింటిని చంపుకుంటున్నం. అభ్రకం నడుమ గుంజ కాడ ఉండేటోడు. వాని నంబరు మీ దిక్కు నుంచి లెక్కపెట్టినా రెండే, నా దిక్కు నుంచి లెక్కపెట్టినా రెండే. వాడు ఎవ్వరికి తారుమారు కాలే, అయినా పోతున్నడు. శుక్రవారం వస్తరట.

నా నెత్తురు మంచిగనే ఉన్నదట. నాకు ఏం అంటలే. డాక్టరమ్మ నవ్వుకుంట చెప్పింది, ఇంటికి పో తాతా, మనవణ్ని ఎత్తుకో అన్నది. సుందరమ్మ ఏడ్చింది. అందరు సంబురపడుతున్నరు. నాకు మాత్రం తల ఎత్త బుద్ధైతలేదు. మూడు గుర్రాలు పోతున్నయ్, వాటిని పంపిన ఇద్దరం ముసలోళ్లం బతికే ఉన్నం.

శుక్రవారం పదకొండు గంటలకు. ప్రీతమ్మకు నేను మొక్కుతున్నని చెప్పుండ్రి. చిన్న సిలిండరు ఉంటదట గద, ఆటోల పెట్టుకోవచ్చట, సుందరమ్మ చెప్పింది. మీరు లోపలికి రాకుండ్రి, గేటు అవతల ఆటోల కూసోండ్రి. నేను అభ్రకాన్ని పట్టుకుని నిలవడ్డప్పుడు తల తిప్పితె మీరు కనవడాలె. గంతే. ఈసారి నా ఒక్కనితోనే చేయించకు అన్నా.

దుర్గయ్య